మూడు డ్రైయర్లు కలిపి వేస్తే ఒక్కటీ సరిగ్గా ఆరబెట్టడం లేదు. డక్ట్ (తడిగాలి బయటకి పోయే పైపు) తప్పా, మెషిన్ తప్పా?

బట్టల బాబు
కొండాపూర్ దగ్గర నాలుగంతస్తుల కమర్షియల్ బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ అద్దెకి తీసుకుని లాండ్రీ పెట్టాను. ఏడు నెలలైంది. హోటళ్ల దుప్పట్లు, టవళ్లు, రెండు జిమ్ములు, ఒక స్పా. 25 కిలోల టంబుల్ డ్రైయర్లు మూడు, మూడూ ఎల్పీజీవే.

ఒక్క డ్రైయర్ వేస్తే టవళ్ల లోడు 35 నిమిషాల్లో ఆరిపోతుంది. రెండు వేస్తే 50. మూడూ వేస్తే 70 నిమిషాలైనా అంచు కుట్టు దగ్గర చెమ్మ తగులుతోంది. గోడ పక్కనున్న మూడోదైతే మధ్యలో మంట ఆరిపోయి ఎర్రర్ చూపిస్తుంది. కుర్రాడు పరిగెత్తుకెళ్లి రీసెట్ కొట్టాలి.

ఒక్కో మెషిన్ వెనక నుంచి 8 అంగుళాల పైపు పైకొచ్చి ఒకే 12 అంగుళాల జీఐ (జింకు పూత ఇనుప రేకు) పైపులో కలుస్తుంది. అది సీలింగ్ కింద 20 అడుగులు పోయి, షాఫ్ట్‌లోకి (బిల్డింగ్‌లో పైపుల కోసం వదిలిన నిలువు ఖాళీ) తిరిగి, టెర్రస్ దాకా వెళ్తుంది. మొత్తం ఐదు మలుపులు.

మెషిన్ అమ్మినవాళ్లు డక్ట్ తప్పంటారు. డక్ట్ వేసినతను మెషిన్‌లో గాలి తోసే బ్లోయర్‌కి దమ్ము లేదంటాడు. ఇద్దరూ ఒప్పుకున్న మాట ఒక్కటే: పైన గాలిని లాగే 1 హెచ్‌పీ బూస్టర్ ఫ్యాన్ పెట్టు, 48 వేలు. పెట్టాలా?

రేకు మాస్టర్
బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా డక్టులే చేస్తున్నా. ముందు ఫొటో పెట్టు తమ్ముడూ. మలుపులు గుండ్రంగా ఉన్నాయా, రేకు కోసి రెండు ముక్కలు అతికించినట్టు సూటి మూలలా? 8 అంగుళాల పైపులు పెద్ద పైపులో ఏటవాలుగా కలిశాయా, నిటారుగా గుచ్చారా?

విశాఖ అల
ఇది వర్షాకాలం సమస్య. మా బీచ్ రోడ్డు హోటల్ లాండ్రీలో జూలై నుంచి అక్టోబరు దాకా ఇదే గోల. గాలిలోనే తడి ఉంటే బట్ట ఎక్కడ ఆరుతుంది? జనవరిలో చూడండి, మీ మెషిన్లు గుర్రాల్లా పరిగెడతాయి.

సరదా సత్తి
నాలుగంతస్తుల పైన టెర్రస్ ఉంది కదా. దండెం కట్టి ఆరేయండి. సూర్యుడికి డక్టూ వద్దు, బూస్టరూ వద్దు.

బట్టల బాబు
@సరదా సత్తి రోజుకి ముప్పై లోడులు సార్. టెర్రస్ చాలదు, పక్క టెర్రస్ కూడా చాలదు. పైగా ఆరేసిన తెల్ల దుప్పటి మీద పావురం సంతకం పెడితే హోటల్ వాడు నా బిల్లు మీద సంతకం పెట్టడు.

@రేకు మాస్టర్ మలుపులు సూటి మూలలే. కలిసే చోట్ల నిటారుగా గుచ్చారు, టీ ఆకారంలో. పైన పావురాలు దూరకుండా దోమతెర లాంటి జాలీ కట్టారు.

రేకు మాస్టర్
అయ్యో. రోగం దొరికింది.

గాలి లెక్క
నేను ఏసీ డక్టింగ్ డిజైన్ చేస్తాను. డ్రైయర్ సైట్లు ఐదారు చూశాను. లెక్క వేసి చూపిస్తా, కాస్త ఓపిక పట్టండి.

బాబు గారూ, మెషిన్ మాన్యువల్‌లో గాలి ఎంత బయటకి తోస్తుందో రాసి ఉంటుంది. 25 కిలోల మెషిన్ కాబట్టి గంటకి 1,200 క్యూబిక్ మీటర్లు అనుకుందాం, అంటే నిమిషానికి దాదాపు 700 ఘనపుటడుగులు. మూడూ కలిపితే 2,100.

డ్రైయర్ పైపులో రెండు గండాలుంటాయి. గాలి మరీ మెల్లగా పోతే నూగు (బట్టల నుంచి రాలే సన్న పోగులు) మధ్యలోనే పడిపోయి పేరుకుంటుంది. అలా కాకుండా ఎగిరిపోవాలంటే నిమిషానికి 1,200 అడుగుల వేగమైనా ఉండాలి. మరీ వేగంగా పోతే పైపులో ఎదురు ఒత్తిడి పెరుగుతుంది, మెషిన్‌లోని చిన్న బ్లోయర్ దాన్ని తోయలేదు.

12 అంగుళాల పైపులో మీ ఒక్క మెషిన్ గాలి నిమిషానికి 900 అడుగుల వేగంతో పోతుంది. నూగు పడిపోతుంది. మూడు మెషిన్ల గాలి 2,700 అడుగులతో పోవాలి. ఒత్తిడి తన్నుతుంది. అంటే ఈ పైపు ఒక మెషిన్‌కి పెద్దది, మూడింటికి చిన్నది. పొద్దున ఒక్క మెషిన్ నడిచినప్పుడు పేరుకున్న నూగు మధ్యాహ్నం మూడూ నడిచినప్పుడు అడ్డం పడుతుంది.

ఇక మలుపులు. చాలా మెషిన్లకి పైపులో ఎదురు ఒత్తిడి 12 మిల్లీమీటర్ల నీటిమట్టం (నీటిని అంత ఎత్తుకి నెట్టే ఒత్తిడి) దాటకూడదని మాన్యువల్‌లో ఉంటుంది, అర అంగుళం అన్నమాట. కొన్నిటికి 0.3 అంగుళాలే. 2,700 అడుగుల వేగంలో సూటి మూల ఒక్కటే దాదాపు 12 మి.మీ. తినేస్తుంది. మీకున్నవి ఐదు. తిన్నని పైపు రాపిడి మొత్తం మీద ఇంకో 12. బడ్జెట్ 12, ఖర్చు 70. అంత ఒత్తిడి బ్లోయర్ ఇవ్వలేదు కాబట్టి గాలే తగ్గిపోతుంది. సగానికి కాస్త ఎక్కువ గాలే కదులుతూ ఉంటుంది. 35 నిమిషాలు 70 అయింది అందుకే.

నూగుపోగు
ఒక మెషిన్‌కి పెద్దది, మూడింటికి చిన్నది. మా ఇంటి వంటగది కూడా అంతే.

గుంటూరు లినెన్
గాలి లెక్క గారు పోయే గాలి సంగతి చెప్పారు. వచ్చే గాలి సంగతి ఎవరూ అడగలేదు. మూడు మెషిన్లు కలిసి నిమిషానికి 2,100 ఘనపుటడుగుల గాలి బయటకి తోస్తే అంత గాలీ లోపలికి రావాలి కదా. మీ షాపులోకి గాలి ఎటు నుంచి వస్తోంది?

బట్టల బాబు
వెనక షట్టర్ మూసే ఉంటుంది మేడమ్, ఇస్త్రీ సెక్షన్‌లో ఏసీ ఉంది కాబట్టి. ముందు అద్దం తలుపు. మీరు అడిగాక గుర్తొచ్చింది, మూడూ నడుస్తుంటే ఆ తలుపు లాగడం కష్టంగా ఉంటుంది. వెనక షట్టర్ కింద సందులోంచి దుమ్ము గీతలు గీతలుగా లోపలికి వస్తుంది. ఆ దుమ్ముకి రోజూ కుర్రాళ్లని తిడుతున్నాను, సరిగ్గా ఊడవట్లేదని.

ఇస్త్రీపెట్టె
మీరు ఏసీ గాలిని చల్లబరిచి, ఎల్పీజీతో వేడి చేసి, టెర్రస్ మీద పావురాలకి పంపిస్తున్నారు. కరెంటు బిల్లూ గ్యాస్ బిల్లూ ఒకేసారి కాల్చే ఏర్పాటు నేనింతవరకు చూడలేదు.

గుంటూరు లినెన్
కుర్రాళ్లకి సారీ చెప్పండి బాబు గారూ. గదిలో గాలి తక్కువైతే బయటి దుమ్మంతా సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. మా ఆస్పత్రి లాండ్రీలో ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ గుడ్డల మీద ఎర్రమట్టి కనిపించింది. మేం వాషింగ్ మెషిన్‌ని అనుమానించాం, నెల తర్వాత తేలింది.

డ్రైయర్ల వెనక గోడకి గాలి వచ్చే కిటికీ పెట్టాలి. 1,000 ఘనపుటడుగులకి కనీసం ఒక చదరపు అడుగు ఖాళీ అంటారు. నేనైతే రెట్టింపు పెడతాను. మీకు 4 చదరపు అడుగులు. అది ఉత్త ఖాళీ. లూవర్ (ఏటవాలు పట్టీల జాలీ కిటికీ) పెడితే అందులో 60 శాతమే గాలి పోతుంది కాబట్టి 7 చదరపు అడుగుల లూవర్ కావాలి. డ్రైయర్లకీ ఇస్త్రీ సెక్షన్‌కీ మధ్య పార్టిషన్ కట్టేస్తే ఏసీ ఏసీగా ఉంటుంది.

విశాఖ అల
వెనక కిటికీ తెరిస్తే వానగాలి నేరుగా డ్రైయర్‌లోకి పోతుంది. ఇంకా ఆలస్యమవుతుంది. మళ్లీ చెప్తున్నా, తేమే కారణం.

గాలి లెక్క
@విశాఖ అల కాదండీ. 30 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 80 డిగ్రీలకి వేడి చేస్తే దాని తేమ శాతం 7-8కి పడిపోతుంది. మంచి చలికాలపు పొడిగాలి అయితే 2-3కి. రెండూ బట్టలకి ఎడారి గాలే. నాలుగైదు నిమిషాలు తేడా వస్తుందేమో, 35 కాస్తా 70 కాదు. ఆయనకి అదే రోజు అదే గాలితో ఒక్క మెషిన్ 35లో ఆరుస్తోంది కదా. వర్షాకాలం మూడు వేసినప్పుడే వచ్చి ఒకటి వేసినప్పుడు పోదు.

మీ హోటల్‌లో ఎగ్జాస్ట్ ఎక్కడ వదులుతున్నారు, గాలి ఎక్కడి నుంచి తీసుకుంటున్నారు?

విశాఖ అల
రెండూ వెనక సందులోనే. ఎదురెదురుగా.

గాలి లెక్క
వదిలిన తడిగాలినే మళ్లీ పీలుస్తున్నారు. వానాకాలం సందులో గాలి కదలదు కాబట్టి ఎక్కువ తెలుస్తుంది.

విశాఖ అల
…రేపు వెళ్లి చూస్తా.

బట్టల బాబు
ఇంకో మాట. ఇది సంబంధం ఉందో లేదో తెలీదు. డ్రైయర్ల దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు సాయంత్రానికి తలనొప్పి అంటున్నారు. ఆదివారం సెలవు రోజున ఉండదట. వేడికి అనుకుని మజ్జిగ తెప్పిస్తున్నాను.

డాలస్ డ్రమ్ము
బాబు గారూ, మిగతా చర్చంతా పక్కన పెట్టండి. ఇప్పుడే వెనక షట్టర్ పూర్తిగా ఎత్తించండి. మూడూ కలిపి నడపడం ఆపండి. అది మజ్జిగతో పోయే తలనొప్పి కాకపోవచ్చు.

గదిలో గాలి చాలనప్పుడు గ్యాస్ మంట సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పైపులో ఎదురు ఒత్తిడి ఉంటే అది బయటకి పోక గదిలోకే తన్నుతుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. మీ మూడో మెషిన్ మంట ఆరిపోతోందంటే అది బాగా పనిచేస్తోందన్నమాట, గాలి లేదని చెప్తోంది. మీ వాడు రీసెట్ కొట్టి దాని నోరు మూయిస్తున్నాడు.

నాకు ఇక్కడ డాలస్ శివార్లలో కాయిన్ లాండ్రీ ఉంది, 22 డ్రైయర్లు. మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రోజు నడపను. ఈరోజే మీటరు కొనండి. ఇక్కడ ఓషా (పనిచేసేవాళ్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ల పరిమితి ఎనిమిది గంటల సగటుకి 50 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు.

రేకు మాస్టర్
డాలస్ అన్న చెప్పింది నిజం. ఇంకోటి, ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. పైన కిటికీ ఒక్కటే పెడితే చాలదు. నేల మట్టానికి దగ్గర్లో కూడా వెంటు ఉండాలి.

బట్టల బాబు
షట్టర్ ఎత్తించాను. ఇద్దర్నీ డాక్టర్ దగ్గరికి పంపించాను. మీటర్ ఆర్డర్ పెట్టాను, రేపొస్తుంది. నిజం చెప్పాలంటే కాళ్లు వణికాయి.

హాస్టల్ అక్క
మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి. మా లేడీస్ హాస్టల్లో ఇంటి రకం డ్రైయర్ ఒకటి ఉంది. వెనక తెల్ల ప్లాస్టిక్ గొట్టం, ముడతలు ముడతలుగా ఉంటుంది, పన్నెండు అడుగులు లాగి కిటికీలో పెట్టాం. పర్వాలేదా?

డాలస్ డ్రమ్ము
పర్వా ఉంది అక్కా. ఆ ముడతల్లోనే నూగు కూర్చుంటుంది, ప్లాస్టిక్ అంటుకుంటుంది. నునుపైన 4 అంగుళాల రేకు పైపు వేయించండి. ఇక్కడి ఇళ్ల నిర్మాణ నిబంధనల (కోడ్) ప్రకారం పైపు 35 అడుగులు దాటకూడదు, ప్రతి 90 డిగ్రీల మలుపుకి అందులోంచి 5 అడుగులు కోత. ఇక్కడి ప్రభుత్వ అగ్నిమాపక సంస్థ ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2008–2010 లెక్కలు తీస్తే అమెరికా ఇళ్లలో ఏడాదికి సుమారు 2,900 డ్రైయర్ మంటలు. ముఖ్య కారణం శుభ్రం చేయకపోవడమే.

హాస్టల్ అక్క
ఇప్పుడే ప్లగ్ పీకేశా.

బట్టల బాబు
నాలుగు రోజుల తర్వాత రిపోర్టు.

కుర్రాళ్లు బాగున్నారు. మీటర్ వచ్చాక, అందర్నీ బయటికి పంపి, షట్టర్ మూసి మూడూ నడిపాను. పది నిమిషాల్లో 60 పీపీఎం దాటింది, అలారం మోగింది, ఆపేశాను. షట్టర్ ఎత్తి నడిపితే 4, 5 మధ్య ఉంది. డాలస్ సార్, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు.

షట్టర్ తెరిచాక మూడింటి టైము 70 నుంచి 60కి వచ్చింది. టెర్రస్ ఎక్కి చూస్తే జాలీ అంతా నూగుతో మూసుకుపోయి ఉంది, కంబళిలా ఊడొచ్చింది. జాలీ తీసేశాక 52. అంతే, అక్కడ ఆగింది.

ఒత్తిడి కొలిచే మీటరు అద్దెకి దొరకలేదు. మేస్త్రీలు మట్టం చూసే లెవల్ పైపు తెచ్చాను. డక్టుకి చిన్న రంధ్రం చేసి లెవల్ పైపు ఒక చివర అక్కడ పెట్టి, మధ్యలో యూ ఆకారంలో వేలాడదీసి, నీళ్లలో నీలిమందు కలిపి పోశాను. ఒక్క మెషిన్‌కి రెండు మట్టాల తేడా 6 మి.మీ. మూడింటికి 21. మాన్యువల్ చూశాను, పరిమితి 12.

గాలి లెక్క
లెవల్ పైపు! శభాష్. నేను పదిహేను వేల మీటరు పట్టుకుని తిరుగుతున్నాను.

ఒక్క మాట. ఆ గొట్టం రెండో చివర గదిలో ఉంది కదా. దాన్ని వీధిలోకి లాగి, షట్టర్ మూసి కొలిస్తే గదిలో గాలి ఎంత కరువుగా ఉందో కూడా తెలిసేది. తలుపు లాగడం కష్టంగా ఉందన్నారు కాబట్టి 3 మి.మీ. ఉండి ఉంటుంది. అద్దం తలుపు మీద అది ఆరు కిలోల బరువు మోపినంత. మళ్లీ షట్టర్ మూసి కొలవకండి, ఊరికే చెప్తున్నా.

రేకు మాస్టర్
ఇప్పుడు బూస్టర్ సంగతి. తమ్ముడూ, పెట్టుకో. ఉన్న పైపు ఉంటుంది, ఫ్యాన్ లాగుతుంది, పనైపోతుంది. అందరూ థియరీ చెప్తారు, షాపు మూసి డక్ట్ మార్చేది నువ్వు.

గాలి లెక్క
@రేకు మాస్టర్ ఒకే స్పీడు ఫ్యాన్ పెడితే ఒక్క మెషిన్ నడిచేటప్పుడు ఏమవుతుంది? మూడింటి గాలి లాగే ఫ్యాన్ ఒక్క డ్రమ్ము మీద పడుతుంది. వేడి బట్టలకి తగలకుండానే పైకి పోతుంది. ఆగి ఉన్న రెండు మెషిన్లలోంచి కూడా చల్లగాలి లాగుతుంది. ఫ్యాన్ ఆగిపోయిన రోజు మళ్లీ 21 మి.మీ., మళ్లీ మోనాక్సైడ్.

డాలస్ డ్రమ్ము
ఇక్కడ ఎత్తైన బిల్డింగుల్లో ఉమ్మడి పైపు తప్పనిసరైతే పైన ఫ్యాన్ పెడతారు, కానీ పైపులో ఒత్తిడి చూసే సెన్సర్ ఉంటుంది, దాన్ని బట్టి ఫ్యాన్ స్పీడు మారుతుంది. ఏ ఒక్క డ్రైయర్ నడిచినా ఫ్యాన్ నడవాలి, అలా రెండింటినీ ముడిపెట్టే ఇంటర్‌లాక్ కోడ్‌లోనే ఉంది. ఫ్యాన్ లేకపోతే మంట వెలగకూడదు. ఫ్యాన్ మోటారు నూగు పోయే గాలిలో ఉండకూడదు, బయట ఉండాలి. పైపు చుట్టూ కాలే సామాను 6 అంగుళాల దూరంలో ఉండాలి. పైపులో ఫైర్ డ్యాంపర్ (మంట వస్తే మూసుకునే రేకు తలుపు) కూడా పెట్టకూడదు, నూగు దానికే చుట్టుకుంటుంది. 48 వేల ఫ్యాన్‌లో ఇవేవీ ఉండవు.

రేకు మాస్టర్
అమెరికా కోడ్ ఇక్కడ ఎవరు అడుగుతారన్నా? ఇక్కడ కస్టమర్ అడిగేది ఒక్కటే, కిలో రేకు ఎంత అని. గుండ్రటి ఎల్బో అంటే ఐదు ముక్కలు కోసి కలపాలి, పని మూడింతలు. కొటేషన్ చూసి పక్క షాపుకి పోతాడు. అక్కడ సూటి మూల వేయించుకుని, ఆరు నెలలకి మమ్మల్ని తిడతాడు.

బట్టల బాబు
@రేకు మాస్టర్ ఆ కస్టమర్ని నేనే. పక్క షాపుకి పోయిన మాట నిజం.

రేకు మాస్టర్
ఒప్పుకున్నావు కాబట్టి నిజం చెప్తా. నా సొంత షాపైతే బూస్టర్ పెట్టను. దేనికి దానికి విడి పైపు వేస్తా.

నూగుపోగు
మాస్టారు పార్టీ మార్చారు. 😄

ఇస్త్రీపెట్టె
వెనక గోడకి మూడు రంధ్రాలు కొట్టి నేరుగా బయటికి వదిలేస్తే? రెండు అడుగుల పైపు, ఒక్క మలుపూ లేదు.

బట్టల బాబు
వెనక ఎనిమిది అడుగుల ఖాళీ, ఆ తర్వాత అపార్టుమెంటు బెడ్‌రూమ్ కిటికీలు.

గుంటూరు లినెన్
వద్దు వద్దు. మేం మొదట అలాగే చేశాం. వేసవిలో పక్కింటావిడ మేడ మీద వడియాలు పెట్టుకుంది. మా నూగంతా ఎగిరి వాటి మీద. ఆవిడ ఒక పళ్లెం నిండా బొచ్చు వడియాలు పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది, "తినండి" అని. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత నూగు పట్టే పెద్ద జాలీ పెట్టె కట్టించాం, రోజూ రెండుసార్లు దులపాలి. ఒక పూట మరిచిపోతే మళ్లీ ఒత్తిడి మొదలు.

గాలి లెక్క
టెర్రస్ మీదకే వెళ్లాలి, కానీ మూడు విడి పైపులుగా. షాఫ్ట్ వదిలేయండి, వెనక గోడలోంచి బయటికొచ్చి గోడ వెంటే పైకి. లెక్క వేశాను. ఒక్కో పైపు 50 అడుగులు, రెండు గుండ్రటి మలుపులు.

8 అంగుళాల పైపు అయితే ఎదురు ఒత్తిడి 11-12 మి.మీ. సరిగ్గా అంచు మీద. కాస్త నూగు పడితే దాటిపోతుంది.
10 అంగుళాలైతే 4 మి.మీ. వేగం నిమిషానికి దాదాపు 1,300 అడుగులు, నూగు పడదు.
12 అంగుళాలైతే ఒత్తిడి ఇంకా తక్కువ, కానీ వేగం 900. నూగు పడుతుంది. పెద్ద పైపు వేస్తే మంచిదే కదా అని ఎవరైనా అంటే వినకండి.

మెషిన్ దగ్గర 8 నుంచి 10కి నెమ్మదిగా వెడల్పయ్యే ముక్క పెట్టించండి.

రేకు మాస్టర్
24 గేజ్ మందం ఉన్న జీఐ రేకు చాలు. నాలుగు మాటలు రాసుకో తమ్ముడూ. కింది పైపు మూతి పై పైపులోకి దూరాలి, గాలి పోయే దిక్కులో, అప్పుడు అతుకు దగ్గర నూగు తట్టుకోదు. స్క్రూలు వద్దు, మొన లోపలికి పొడుచుకుని నూగుని పట్టుకుంటుంది, రివెట్లు కొట్టించు. నిలువు పైపు కింద మూత ఉన్న టీ ఆకారపు ముక్క పెట్టు, అక్కడ తెరిచి శుభ్రం చేయొచ్చు. పైన వాన పడకుండా కింది వైపు వంగిన మెడ పెట్టు, జాలీ మాత్రం కట్టకు.

విశాఖ అల
సముద్రం దగ్గరైతే జీఐ కాదు, స్టెయిన్‌లెస్. మా జీఐ పైపు మూడేళ్లకే జల్లెడైంది. ఇది మాత్రం నాకు ఖాయంగా తెలుసు, లెక్కలతో కొట్టకండి.

గాలి లెక్క
కొట్టను. పూర్తిగా ఒప్పుకుంటున్నా.

సరదా సత్తి
ఈ ఫోరంలో ఇద్దరు ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

గుంటూరు లినెన్
బాబు గారూ, మొదటి పోస్టులో "ఒక స్పా" అన్నారు. మసాజ్ నూనె టవళ్లేనా? అవి ఎలా మడతపెడుతున్నారు?

బట్టల బాబు
డ్రైయర్‌లోంచి తీసి వేడివేడిగా మడిచి బుట్టలో పేర్చేస్తారు మేడమ్, ముడత పడకుండా.

గుంటూరు లినెన్
అదే భయపడ్డాను. ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడి టవళ్లు దొంతర పెడితే లోపల నూనె గాలితో కలిసి తనంతట తానే వేడెక్కుతుంది, గంటల తర్వాత రాత్రిపూట దొంతరే అంటుకుంటుంది. హోటల్ వంటగది గుడ్డలకీ ఇదే. ఎక్కువ వేడి నీళ్లు, నూనె తీసే డిటర్జెంట్‌తో ఉతికించండి. చివర చల్లబరిచే సైకిల్ ఎప్పుడూ కోయకండి. టైము కలిసొస్తుందని కుర్రాళ్లు తలుపు తెరిచేస్తారు, అది చూసుకోండి. వెచ్చగా ఉన్నవి రాత్రికి పేర్చి వెళ్లొద్దు.

నూగుపోగు
పైపు గురించి అడగడానికి వచ్చి మనిషి షాపంతా మార్చేసేలా ఉన్నాడు.

ఇస్త్రీపెట్టె
హీట్ పంపు డ్రైయర్ కొంటే పైపే అక్కర్లేదు. తడి నీళ్లుగా మారి డ్రెయిన్‌లో పోతుంది.

డాలస్ డ్రమ్ము
నిజమే, గ్యాసూ ఉండదు. కానీ లోడుకి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ధర ఎక్కువ. ఉన్న మూడు మెషిన్లు ఏం చేస్తాడు? కొత్తగా పెట్టేవాళ్లు, పైపుకి దారి లేని బిల్డింగు దొరికినవాళ్లు ఆలోచించాలి.

ఇంతకంటే చవకైనది ఇంకోటుంది. బాబు గారూ, మీ వాషర్ బట్టల్ని ఎంత పిండుతోంది? 25 కిలోల బట్టల్లో 50 శాతం తడి మిగిలితే డ్రైయర్ 12.5 లీటర్ల నీళ్లు ఆవిరి చేయాలి. 70 శాతం మిగిలితే 17.5. ఆ అయిదు లీటర్లు మోటారుతో పిండడం గ్యాస్‌తో ఆవిరి చేయడం కంటే ఎంతో చవక. చివరి స్పిన్ రెండు నిమిషాలు పెంచి చూడండి.

బట్టల బాబు
ఐదు వారాలైంది. చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

ఓనర్ ఒప్పుకోవడానికే రెండు వారాలు పట్టింది. బిల్డింగ్ వెనక మూడు పైపులు అసహ్యంగా ఉంటాయన్నాడు. చివరికి గోడ రంగే పైపులకి వేయిస్తానంటే సరే అన్నాడు. పని రేకు మాస్టర్ గారికే ఇచ్చాను. ఈసారి కిలో రేటు అడగలేదు.

మూడు విడి పైపులు, 10 అంగుళాలవి, ఒక్కోదానికి రెండు గుండ్రటి మలుపులు. పాత 12 అంగుళాల పైపు విప్పితే మొదటి మలుపులో రెండు బస్తాల నూగు. అది చూశాక ఇన్నాళ్లు ఎలా నిద్రపోయానా అనిపించింది. వెనక గోడకి 7 చదరపు అడుగుల లూవర్, సగం పైన, సగం నేల మట్టానికి. ఇస్త్రీ సెక్షన్‌కి పార్టిషన్.

లెవల్ పైపుతో కొలిచాను. మూడూ నడుస్తుంటే ఒక్కోదానిలో 5 మి.మీ. టవళ్ల లోడు 36 నిమిషాలు, ఒకటి నడిచినా మూడు నడిచినా అంతే. స్పిన్ పెంచాక 33. మోనాక్సైడ్ మీటర్ సున్నా దగ్గరే ఉంటోంది. మంట ఒక్కసారి కూడా ఆరలేదు. రోజుకి మూడు 19 కిలోల సిలిండర్లు అయ్యేవి, ఇప్పుడు రెండుకి కాస్త పైన.

ఖర్చు బూస్టర్ కొటేషన్‌కి రెండింతలు దాటింది. స్పా టవళ్లు విడిగా వేడినీళ్లలో. దుమ్ము గీతలు పోయాయి. కుర్రాళ్లకి సారీ చెప్పాను.

గాలి లెక్క
4 అన్నాను, 5 వచ్చింది. ఆ ఒకటి ఎక్కడుందో మాస్టర్ గారే చెప్పాలి.

రేకు మాస్టర్
పైన వంచిన మెడలో ఉంది సార్. వానకి అడ్డం మీ లెక్కలో వేయలేదు.

గాలి లెక్క
నిజమే. వేయలేదు.

విశాఖ అల
మేం కూడా గాలి తీసుకునే వైపు మార్చాం, సందు నుంచి ముందు వైపుకి. పదిహేను నిమిషాలు తగ్గింది. ఎవరూ ఏమీ అనొద్దు.

హాస్టల్ అక్క
మాది రేకు పైపు వేయించాం. అమ్మాయిలు జీన్స్ ఒక్క రౌండులో ఆరుతోందని ఆశ్చర్యపోతున్నారు.

సరదా సత్తి
జాలీ తీసేశారు కదా బాబు గారూ, పావురాల సంగతి?

బట్టల బాబు
కిందికి వంగిన మెడలోకి దూరలేకపోతున్నాయి. కానీ పైపు పైన వెచ్చగా ఉంటుందని కనిపెట్టాయి. ఇవాళ పొద్దున ఎక్కి చూస్తే మూడు పైపుల మీద మూడు జతలు, వరుసగా, ఈకలు ఆరబెట్టుకుంటున్నాయి.